మారు వడ్డన

నోవై, మిషిగన్
18 అక్టోబరు 2006

చి. సుమతికి,

మీ అక్క పద్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మీ బావ మోకాలు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. హంసిక కాలేజీకి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఒక్కదానివీ ఏం వండుకుంటున్నావో, అసలు వండుకుంటున్నావో లేదో రాయి.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు ‘ఊఁ’, ‘అవునా’ తప్ప మూడో మాట మాట్లాడవు. పైగా నేను ఫోన్ పట్టుకోగానే మీ బావ టీవీ సౌండ్ తగ్గించి చెవులు నిక్కిస్తారు. ఇప్పుడు చెప్పబోయేది ఆయన వినకూడని సంగతి, ఎందుకంటే అది ఆయన బాస్ గురించి.

ఆయన చేసేది జపాన్ వాళ్ళ కారు పార్టుల కంపెనీలో అని తెలుసుగా. బాస్ మొరితా అని ఒకాయన. పోయిన శనివారం ఆయన్నీ ఆయన భార్యనీ భోజనానికి పిలిచాం. ముద్దపప్పు, గుత్తివంకాయ, బెండకాయ వేపుడు, పులిహోర, మజ్జిగ పులుసు, బొబ్బట్లు చేశాను. కారం సగానికి సగం తగ్గించాను, మీ బావ బతిమాలారు కాబట్టి. కూర్చోగానే ఇద్దరూ ప్లేట్లకి దణ్ణం పెట్టి ఏదో గొణిగారు. పోనీ, దేవుడంటే భక్తి ఉన్నవాళ్ళే అనుకున్నాను.

ఆ తర్వాత చూడాలి. ఆవిడ గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. ప్లేటు ఖాళీ చేసింది. వడ్డించాను. మళ్ళీ ఖాళీ చేసింది. మళ్ళీ వడ్డించాను. చెయ్యి అడ్డం పెట్టింది. మనవాళ్ళు పెట్టరూ, మొహమాటానికి? చేతి పక్కనుంచి వేశాను. అదీ తింది. మెతుకు కాదు కదా, కరివేపాకు కూడా మిగల్చలేదు. ఆఖర్న పులిహోరలో ఎండుమిరపకాయలు కూడా నమిలి మింగింది. మొరితాకి ముక్కు కారుతుంటే చీదుకోవడం మర్యాద కాదట, లోపలికి పీల్చుకుంటూ కూర్చున్నాడు. నా జన్మలో అంత తిండిపోతు ఆడదాన్ని చూడలేదు సుమతీ. కంపెనీ అంత జీతాలిస్తుందే, ఇంట్లో వండుకోరా?

వాళ్ళు తెచ్చిన మిఠాయి గురించి కూడా చెప్తాను. పెట్టె మీద పెట్టె, దాని మీద గుడ్డ, దాని మీద ముడి. విప్పి చూస్తే లోపల నాలుగు ఉండలు. నోట్లో వేసుకుంటే పూర్ణంలా ఉంది, కానీ యాలకులూ లేవు, నెయ్యీ లేదు. ఉడికించిన గింజల్లో కాస్త పంచదార పడేసి దానికి పట్టు చీర కట్టారు.

ఇంకో మాట. బేస్‌మెంట్‌లో గది ఖాళీగానే ఉంది. బాతెల్‌లో నీకు ఎవరున్నారని? ఇక్కడికొచ్చేయ్. భాస్కర్ పోయినప్పట్నుంచీ చెప్తున్నాను.

మీ అక్క,
పద్మ


బాతెల్, వాషింగ్టన్
6 నవంబరు 2006

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఆ మొరితా గారి భార్య మీద జాలేసింది. పాపం, ఆవిడ్ని దాదాపు చంపేశావు. వాళ్ళలో ప్లేటులో మెతుకు వదలకూడదు, చిన్నప్పట్నుంచీ అలా పెంచుతారు. మన ఇళ్ళల్లో ప్లేటు ఖాళీ అయితే వడ్డించకుండా ఉండకూడదు. నువ్వు వడ్డిస్తూనే ఉన్నావు, ఆవిడ వదల్లేక తింటూనే ఉంది. మీ ఇద్దరి మర్యాదల మధ్య ఆవిడ పొట్ట నలిగిపోయింది. మర్నాడు ఎలా ఉందో బావగారిని కనుక్కోమను. దణ్ణం పెట్టింది కూడా దేవుడికి కాదు, అన్నానికీ, వండినదానివి కాబట్టి నీకూ.

ఇదంతా నాకెలా తెలుసంటావా? మా ల్యాబ్‌లో ఒకాయన ఉన్నారు, మెషీన్లు చూస్తుంటారు. జపాన్ ఆయన. లంచ్‌రూమ్‌లో ఎదురుగా కూర్చుంటారు. రోజూ ఒకటే డబ్బా, దాన్నిండా తెల్లటి అన్నం, మధ్యలో ఎర్రగా ఒక్క ఊరవేసిన పండు, బొట్టు పెట్టినట్టు. ఒకరోజు నా పెరుగన్నం వంక చూసి, ఏమీ అడక్కుండా ఆ పండు తీసి నా డబ్బా మూత మీద పెట్టారు. మన మాగాయకి మామిడికాయ బదులు రేగుపండు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పెరుగన్నంలోకి బ్రహ్మాండంగా కుదిరింది.

ఆ మిఠాయి నాకు ఇష్టం. కాఫీతో కాకుండా చేదు టీతో తిని చూడు.

బేస్‌మెంట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను తింటున్నానక్కా, బాగానే తింటున్నాను. ఇక్కడ వాన మొదలైంది, ఇక మార్చి దాకా ఇంతే.

నీ చెల్లెలు,
సుమతి


నోవై, మిషిగన్
21 జనవరి 2007

చి. సుమతికి,

ఆశీస్సులు. డ్రైవ్‌వేలో మంచు మోకాలి దాకా ఉంది. మీ బావ మోకాలు సంగతి తెలుసు కాబట్టి పారతో తీసేది నేనే.

నీ జపాన్ పాఠం చదివాను. ఒక లంచ్‌రూమ్‌లో ఒక ఊరగాయ పండు తిని అక్కకి బుద్ధులు చెప్పేంతదానివయ్యావు. సరే, ఇప్పుడు నా పాఠం విను. పోయిన వారం వాళ్ళు మమ్మల్ని పిలిచారు. నేను మాంసం, చేప ముట్టనని మీ బావ ముందే ఫోన్ చేసి చెప్పారట.

గుమ్మంలో చెప్పులు విప్పమన్నారు. వాళ్ళల్లో మనుషుల పద్ధతి అదొక్కటే కనిపించింది. ఆ తర్వాత బల్ల మీద ఇరవై గిన్నెలు, ఒక్కోదాంట్లో ఉగ్గుపాలకి సరిపడా పదార్థం. ఒకదాంట్లో మూడు చిక్కుడు ముక్కలు. ఒకదాంట్లో ఉప్పూ కారం లేని తెల్లటి ముద్ద, జున్ను అనుకుని తింటే తడిపిన దూది. మీ బావ ప్లేటులో అదే ముద్ద మీద చెక్క తరుగు లాంటిది చల్లారు. అది కదులుతోంది. ఒట్టు, పురుగుల్లా మెలికలు తిరుగుతోంది. ఎండు చేప తరుగట, వేడికి అలా ఆడుతుందట. మీ బావ కళ్ళార్పకుండా నోట్లో పెట్టుకున్నారు. ఆఫీసులో ఈ మనిషి ఇంకా ఏమేం తింటున్నాడో నేను అడగదల్చుకోలేదు.

నూడిల్స్ వచ్చాయి. ఆ మొరితా, కంపెనీకి అంత పెద్ద బాస్, సూటూ బూటూ వేసుకునే మనిషి, జుర్రుమని జుర్రాడు. పక్క గదిలో టబ్బు నీళ్ళు పోతున్నాయేమో అనుకున్నాను. అలా చప్పుడు చేస్తేనే వండినవాళ్ళకి గౌరవమట. మన ఇంట్లో ఎవరైనా అలా తింటే నాన్న పంక్తిలోంచి లేపేసేవారు. చివర్లో అన్నం మీద టీ పోసుకుని తాగారు. టీ, సుమతీ. వేడి వేడి అన్నం మీద. ఆ జిగురు అన్నం మెతుకుకి మెతుకు పట్టుకుని ఉండలు కట్టి ఉంటుంది, దాన్ని పుల్లలతో లేపడం, జారిపోతే చెయ్యి కింద పట్టడం. భగవంతుడు అయిదు వేళ్ళిచ్చాడు, వాటికేం రోగం?

పెరుగు లేదు. భోజనం అయిపోయిందని వాళ్ళంటే నేను నమ్మలేదు, పెరుగు కోసం ఇంకా కూర్చున్నాను.

ఆ ఇంట్లో మనిషి తినదగ్గది ఒకటే, చిన్న మూత గిన్నెలో పోసిన చారు. పల్చగా, ఉప్పగా, ఏ పప్పుతో కాచిందో తెలియలేదు కానీ రెండు గిన్నెలు తాగాను. మిగతావన్నీ అలాగే వదిలేశాను. ఆవిడ గిన్నెలు తీసుకెళ్తూ మొహం చిన్నబుచ్చుకుంది. బుచ్చుకోనీ. ఇంటికొచ్చి ఆవకాయ కలుపుకుని, పెరుగేసుకుని తింటే గానీ ప్రాణం లేచిరాలేదు.

ఈ వాసనల మధ్య, ఈ జుర్రుళ్ళ మధ్య రోజూ ఎలా బతుకుతారో. వాళ్ళింట్లో అడుగుపెట్టే కోడలి మీద జాలేస్తుంది. అవునూ, నీ ఉత్తరంలో ఆ ‘ఒకాయన’కి పేరు లేదా?

మీ అక్క,
పద్మ


బాతెల్, వాషింగ్టన్
11 ఫిబ్రవరి 2007

అక్కకి నమస్కారాలు.

ఎక్కువ రాయడానికి టైమ్ లేదు, ల్యాబ్‌లో ఆడిట్ ఉంది. హంసిక మిడ్‌టర్మ్స్ బాగా రాసిందట.

పేరుంది. ఒకుమురా.

ఆ చారు నీకు నచ్చినందుకు సంతోషం.

ఒక సందేహం. గోంగూరలో పులుపు అలాగే ఉంచి, కారం బాగా తగ్గిస్తే రుచి చెడుతుందా? పచ్చిమిర్చి బదులు మిరియాలు వేయొచ్చా? ఇంకోటి, పెసరట్టు పిండి ఇద్దరికి ఎన్ని పెసలు నానబెట్టాలి? ఒక్కదానికి చేసుకుని చేసుకుని కొలత మర్చిపోయాను.

బేస్‌మెంట్ గది మీరు వేరే దేనికైనా వాడుకోండి. నేను రాను.

నీ చెల్లెలు,
సుమతి


నోవై, మిషిగన్
14 మార్చి 2007

సుమతికి,

గోంగూరలో మిరియాలు వేయకూడదు. పెసరట్టు ఇద్దరికి ఎన్ని పెసలో నేను చెప్పను.

నువ్వు చెప్పకపోయినా చెప్పేవాళ్ళున్నారు. మీ ఊరి వసంతలక్ష్మి ఫోన్ చేసింది. నువ్వూ ఆ జపాన్ అతనూ కొట్లో ఒకే కార్ట్ తోసుకుంటూ, చేపల సెక్షన్ దగ్గర నిలబడి నవ్వుకుంటున్నారట. ‘మీ చెల్లెలు బాగా కోలుకుందండీ పద్మగారూ’ అంది. ఆ గొంతు నీకు తెలుసు. నాకు కాళ్ళ కింద కార్పెట్ లాగేసినట్టయింది. అడిగితే హంసికకి కూడా తెలుసట, ‘ఇట్స్ ఫైన్, పెద్దమ్మా, హి ఈజ్ నైస్’ అంటుంది. దానికి నైస్ కానిదేముంది.

భాస్కర్ పోయి నాలుగేళ్ళు. మనసు మారింది అనుకుందాం. ఒంటరితనం అనుకుందాం. నేను రాతియుగం దాన్నేం కాదు, మనవాళ్ళలో ఒక మంచి మనిషిని చూసి నువ్వే చెప్పి ఉంటే నేనే దగ్గరుండి చేసేదాన్ని. కానీ ఇదేమిటి? పచ్చి చేప తినే మనిషి. పచ్చి గుడ్డు అన్నంలో కొట్టుకుని కలుపుకునే మనిషి. బంకలా సాగే కుళ్ళిన గింజలు పొద్దున్నే తింటారట, లైబ్రరీలో పుస్తకం తెచ్చి చదివాను, ఫోటో చూసి మూసేశాను. నువ్వు ఆ గిన్నెలు కడుగుతావా? అమ్మ ఎంగిలి, మడి అంటూ పెంచిన పిల్లవి, ఆ చేపల ఫ్రిజ్‌లో నీ పెరుగు గిన్నె పెట్టుకుంటావా?

ఆ పుస్తకంలో ఇంకోటి కూడా ఉంది. చచ్చిపోయినవాళ్ళ ఎముకలు పుల్లలతో ఏరుకుంటారట, ఒకరి పుల్లల్లోంచి ఒకరు అందుకుంటూ. అన్నం తినే పుల్లల లాంటివే. అలాంటి చేతుల పక్కన కూర్చుని ఎలా తింటున్నావు?

నీకు అమ్మ తర్వాత అమ్మని నేనే. అందుకని చెప్తున్నాను. నువ్వు ఆ మనిషిని చేసుకుంటే చేసుకో, నీ వయసుకి ఎవరూ ఆపలేరు. కానీ ఆ ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా ముట్టను. ఆ గుమ్మం తొక్కను.

పద్మ


బాతెల్, వాషింగ్టన్
2 ఏప్రిల్ 2007

అక్కా,

మూడుసార్లు రాసి చింపేశాను. ఇది చింపను.

ముందు వసంతలక్ష్మి సంగతి. చేపల దగ్గర నన్ను చూడగలిగిన కళ్ళకి నేను ఇంకెక్కడా కనిపించను. వరలక్ష్మీ వ్రతానికి ఆవిడ బాతెల్‌లో తెలుగువాళ్ళందరినీ పిలుస్తుంది. నన్ను పిలవదు. మర్నాడు పులిహోర ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గుమ్మంలో ఇచ్చి, ‘డబ్బా తిరిగివ్వక్కర్లేదు’ అంటుంది. అసోసియేషన్ ఉగాదికి తాంబూలాలిస్తూ వస్తారు, నా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం తనంతట తనే పక్కకి తిరుగుతుంది. మడి, ఎంగిలి అని రాశావు. నన్ను అంటరానిదాన్ని చేసింది చేపలు తినేవాళ్ళు కాదక్కా, పులిహోర తినేవాళ్ళు. వాళ్ళ శుభ్రం చూస్తే నాకు అసహ్యం వేస్తోంది.

నువ్వు కూడా. భాస్కర్ ఉన్నన్నాళ్ళూ నీ ఉత్తరాల మీద ‘చి.ల.సౌ. సుమతికి’ అని ఉండేది. ఆయన పోయాక వచ్చిన మొదటి ఉత్తరంలోనే ఒట్టి ‘చి.’ అయ్యాను. ఎంత జాగ్రత్తగా తీసేశావో. పోయినసారి ఆ ‘చి.’ కూడా లేదు.

ఎముకల గురించి అడిగావు. అవును, ఒకుమురా గారు తన భార్య ఎముకలు అలాగే ఏరారు. ఆవిడ కేన్సర్‌తో పోయింది. అందుకే వాళ్ళు భోజనం దగ్గర పుల్లల నుంచి పుల్లలకి ఏదీ ఇచ్చుకోరు, అది చావుకి మాత్రమే అని పక్కన పెట్టుకున్నారు. భాస్కర్ అస్థికలు నేనూ ఈ చేతులతోనే కుండలో వేశాను. ఆ చేతులతోనే అన్నం కలుపుకుంటున్నాను. నీ పుస్తకంలో మన గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నీకు వింతగా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే మూడు చింపాను.

డిసెంబరులో హంసిక సెలవలకి వచ్చినప్పుడు ఆయన్ని భోజనానికి పిలిచాం. పప్పు, బీరకాయ కూర చేశాను. వాళ్ళిద్దరికీ వడ్డించాను. నేను ఒక్క హస్తం అన్నం పెట్టుకుని, తినేసి, లేవబోయాను. నాలుగేళ్ళుగా అంతే. ఒక్కసారి పెట్టుకోవడం, అయిపోతే లేవడం. ఆయన ‘అంతేనా?’ అన్నారు. చాలన్నాను. ‘మా ఇంట్లో ఒక్కసారి పెట్టి ఊరుకోరు. ఒక్కసారి పెట్టేది చనిపోయినవాళ్ళకి’ అన్నారు. రోజూ పొద్దున్నే భార్య ఫోటో ముందు ఆయన ఒక్క గిన్నె అన్నం పెడతారు. ఎవరికి ఒక్కసారి పెడతారో ఆయనకి బాగా తెలుసు. లేచి, హస్తం తీసుకుని, నా ప్లేటులో ఇంకొంచెం అన్నం పెట్టారు. కొంచెమే. చేతకాక సగం బల్ల మీద పడింది.

గుర్తుందా, అమ్మ మనల్ని మారు వడ్డించుకోకుండా లేవనిచ్చేది కాదు. పొట్ట పగిలిపోతోందన్నా ఒక్క మెతుకైనా వేసేది, ఒంటి వడ్డన మన ఇంటా వంటా లేదనేది. నువ్వూ అంతే, ఆ మొరితా గారి భార్యకి చేతి పక్కనుంచి వేసింది అందుకేగా. నాకు నాలుగేళ్ళలో ఎవరూ మారు వడ్డించలేదక్కా. వడ్డించే మనిషి లేకపోతే ఎవరు వడ్డిస్తారు? అది వింత అని కూడా నేను మర్చిపోయాను. గుర్తు చేసింది నీ జుర్రుకునే జపాన్ మనిషి. హంసిక ముందే ఏడ్చాను.

జూన్ పదిహేనున కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేసుకుంటున్నాం. సాయంత్రం ఇంట్లో భోజనం. పిలుస్తున్నాను. మంచినీళ్ళు ముట్టనంటే నేను బలవంతం చేయను.

చివరిగా ఒకటి. నువ్వు మెచ్చుకుని రెండు గిన్నెలు తాగావే, ఆ చారు. అది పప్పుతో కాచింది కాదు. చేప తరుగు నీళ్ళలో మరిగించి కాస్తారు. మీ ఆయన ప్లేటులో మెలికలు తిరిగిందే, అదే. జనవరిలోనే తెలుసు నాకు. నీ మనసు కష్టపడుతుందని దాచాను. ఇక నీ మనసు నేను కాపాడటం ఎందుకు?

సుమతి


నోవై, మిషిగన్
29 ఏప్రిల్ 2007

చి.ల.సౌ. సుమతికి,

మీ అక్క పద్మ ఆశీర్వదించి రాసేది. పైన రాసింది చూసుకున్నావుగా. ఇంకా పెళ్ళి కాలేదు అంటావేమో, శుభలేఖలో పెళ్ళికూతురికి అలాగే వేస్తారు. కాబట్టి తప్పేం లేదు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. నీ ఏడుపుకి అనుకోకు, ఆ చేపల చారుకి. వేపాకు నమిలాను, ఉపవాసం ఉన్నాను, మీ బావతో మాట్లాడ్డం మానేశాను. ఆయన ‘నాకేం తెలుసు, నాకు బాగానే ఉంది’ అంటారు. మూడో రోజు ఇక ఉండబట్టలేక కార్ తీసుకుని నేరుగా మొరితా ఇంటికి వెళ్ళాను. ఫోన్ కూడా చేయలేదు. ఆవిడ తలుపు తీసి, నన్ను చూసి భయపడింది. మళ్ళీ తిండికి పిలవడానికి వచ్చానేమో అనుకుందట.

చారులో ఏం వేశావని అడిగాను. నా ఇంగ్లీషూ ఆవిడ ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషి ఇంగ్లీషు అవుతుంది. ఆవిడ అల్మరా తెరిచి, నల్లటి అట్టలాంటి సముద్రపు నాచూ, ఎండు పుట్టగొడుగులూ తీసి చూపించింది. మీ బావ ఫోన్ చేసి చెప్పారు కాబట్టి నా ఒక్కదానికీ వేరే కాచిందట. మిగతా అందరి గిన్నెల మూతలూ ఎర్రవి, నా గిన్నె మూత నల్లది. అది వేరే చారని గుర్తు. నేను ఆ తేడా చూడలేదు, రెండు గిన్నెలూ గుటకలు వేశాను. కాబట్టి తల్లీ, నీ అక్క చేప తినలేదు. నువ్వు ఎంత ఆశపడ్డా అది జరగలేదు. జపాన్ గురించి అంతా తెలిసినదానివి, నీకూ తెలియనివి ఉన్నాయి.

వెళ్ళినదాన్ని కదా అని ఇంకో సంగతి కూడా అడిగాను. పెళ్ళాడదల్చుకున్న మగవాడు ఏదైనా చెప్తాడు, నేను నమ్మను. అన్నం ఒక్కసారి పెట్టకూడదా అన్నాను. ఆవిడ గిన్నె తీసుకుని, చెక్క హస్తంతో కుక్కర్‌లోంచి అన్నం ఒకసారి పెట్టింది, తర్వాత దాని మీద ఇంకొంచెం, చిటికెడంత, పెట్టింది. మొదటిదాన్ని చూపించి కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. రెండోదాన్ని చూపించి నా వంక చూసి నవ్వింది. అమ్మ పెట్టేది అచ్చం అంతే ఉండేది, ఆ చిటికెడు. అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ కంగారుపడి టీ ఇచ్చింది, అదే చేదు టీ. ఆ గింజల మిఠాయి కూడా పెట్టింది. టీతో తింటే పర్వాలేదు. పర్వాలేదనే అంటున్నాను, అంతకంటే ఏం లేదు.

అక్టోబరులో మా ఇంట్లో తిన్నాక రెండు రోజులు మంచం దిగలేదట. వదిలేయొచ్చు కదా అన్నాను. వదిలేయడం మాకు రాదు, మిమ్మల్ని ఆపడం కూడా రాలేదు అంది.

నీ గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. ఏం తింటున్నావని ప్రతి ఉత్తరంలో అడిగాను. ఎవరు పెడుతున్నారని ఒక్కసారీ అడగలేదు. బేస్‌మెంట్ గది ఇస్తానన్నాను గానీ, నువ్వు ఒక్క హస్తం పెట్టుకుని లేచిపోతున్నావని నాకు తట్టలేదు. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు సుమతీ.

వసంతలక్ష్మి మళ్ళీ ఫోన్ చేసింది. మా చెల్లెలి పెళ్ళి జూన్ పదిహేనున, నిన్ను పిలవడం లేదు, పులిహోర డబ్బాలో పంపిస్తాం, డబ్బా తిరిగివ్వక్కర్లేదు అన్నాను. పెట్టేసింది.

మాకు టికెట్లు బుక్ చేయమని మీ బావతో చెప్పాను. నీ ఒకుమురాని మెచ్చుకోవడానికి వస్తున్నాననుకోకు. అన్నంలో టీ పోసుకునే మనిషిని మెచ్చుకోవడం ఈ జన్మకి నా వల్ల కాదు. నా ముందు నూడిల్స్ తినొద్దను. ఆ కుళ్ళిన గింజలు నేను ఉన్నన్నాళ్ళూ గరాజ్‌లో పెట్టుకోమను. చేపలు ఫ్రిజ్‌లో కింద అరలోకి సర్దు, పై అర మొత్తం నాది. సోనామసూరి నేనే తెస్తాను, ఆవకాయ తెస్తాను, పెరుగు తోడు కూడా తెస్తాను, నీ ఇంట్లో తోడు ఎలా ఉందో ఎవరికి తెలుసు. గోంగూర నేను చేస్తాను. మిరియాలు వేయను.

పెళ్ళి భోజనం నేనే వడ్డిస్తాను. ఒకుమురా గారికి రెండుసార్లు వడ్డిస్తాను, తర్వాత చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతాను. మొరితా గారి భార్యకి అలా మాటిచ్చాను. నువ్వు మాత్రం అడ్డం పెట్టకు. పెడితే నీ చేతి మీదే వడ్డిస్తాను.

మీ అక్క,
పద్మ

పెసరట్టుకి ఇద్దరికి ఒక గ్లాసు పెసలు చాలు. గుప్పెడు బియ్యం కలుపు.